తమ్ముడి గురించి బయట చెబితే ద్రోహమా?

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్ళు. ఏడాది క్రితం కాలేజీలో కొందరు కలిసి వాడిని ఏడిపిస్తూ వీడియో తీసి అందరికీ పంపారు. అప్పటి నుంచి వాడు మనిషే మారిపోయాడు. పరీక్షలు మానేశాడు. చేరిన ఉద్యోగం మూడు నెలలకే పోయింది. రోజంతా గది తలుపేసుకుని ఉంటాడు. స్కూళ్ళలో, కాలేజీల్లో కాల్పులు జరిపినవాళ్ళ గురించి గంటలకొద్దీ చదువుతున్నాడు. ఒక రాత్రి నాతో "అక్కా, నేనెవరో ఒకరోజు వాళ్ళందరికీ తెలుస్తుంది. ఆ తర్వాత నన్ను ఎవరూ మర్చిపోరు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మొన్న గది ఊడుస్తుంటే నోట్‌బుక్ ఒకటి కనిపించింది. అందులో కాలేజీ వాళ్ళ పేర్లు, కొన్ని పేర్ల చుట్టూ గీతలు. నాన్న దగ్గర లైసెన్సు తుపాకీ ఉంది. బీరువా తాళం ఎక్కడుంటుందో ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మానాన్నలకు చెబితే "వయసు కోపం. వాడు చీమకైనా హాని చెయ్యడు" అని కొట్టిపారేస్తున్నారు. పోలీసులకు చెబితే వాడి జీవితం నాశనం. చెప్పకపోతే ఏమవుతుందో రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. ప్రేమగా చూసుకుంటే సరిపోతుందా? లేక నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా? అమ్మానాన్నలకు ఎలా చెప్పాలి?
— ఒక అక్క

సమాధానం: ముందు తుపాకీ సంగతి. దాన్ని ఇవాళే తేల్చండి. మిగతా సమాధానం తర్వాత చదువుకోవచ్చు.

అది ఇంట్లో ఉండకూడదు. బీరువా మార్చడం, తాళం చెవి అమ్మ దగ్గర పెట్టడం లాంటివి చాలవు. ఆ ఇంట్లోనే పెరిగిన కుర్రాడికి మీరు ఎక్కడ దాచినా దొరుకుతుంది. మీరున్న చోట చట్టం దేనికి ఒప్పుకుంటే అది చెయ్యాలి: పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యడమో, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర ఉంచడమో. తూటాలతో సహా. లైసెన్సు నాన్నగారి పేరు మీద ఉంది కాబట్టి ఆ పని ఆయనే చెయ్యాలి, మీరు దాన్ని పట్టుకుని బయటికి వెళ్ళకండి. ఒకవేళ బీరువా తెరిస్తే అది అక్కడ లేదనుకోండి, తమ్ముడి గది వెతకొద్దు, వాణ్ణి నిలదీయొద్దు. ఇంట్లోవాళ్ళంతా బయటికి వచ్చేసి అత్యవసర నంబరుకు ఫోన్ చెయ్యండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1974 నుంచి 2000 దాకా అమెరికా స్కూళ్ళలో జరిగిన 37 దాడులను అక్కడ దేశాధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీసు, విద్యాశాఖ కలిసి ఒక్కొక్కటిగా తవ్వి చూసి 2002లో నివేదిక ఇచ్చాయి. దాడి చేసినవాళ్ళలో 68 శాతం మందికి తుపాకీ దొరికింది సొంత ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో. నాన్నగారు దాన్ని ఇంటి రక్షణ కోసమే తెచ్చుకుని ఉంటారు. కానీ ఇప్పుడున్న పరిస్థితిలో దానివల్ల అందరికంటే ముందు ప్రమాదం మీ తమ్ముడికే. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. దాడికి దిగినవాళ్ళలో 78 శాతం మంది అంతకుముందే ఆత్మహత్య చేసుకోబోయినవాళ్ళో, ఆ ఆలోచనలతో ఉన్నవాళ్ళో. చంపాలనే కోరిక, చచ్చిపోవాలనే కోరిక చాలామందిలో కలిసే ఉంటాయి. "ఆ తర్వాత నన్ను ఎవరూ మర్చిపోరు" అని మీ తమ్ముడు అన్నాడు చూడండి, ఆ మాటలో "ఆ తర్వాత" తను ఉంటాడా లేడా? నాకైతే లేడనే వినిపించింది.

ఇక, మీరే ఎక్కువ ఊహించుకుంటున్నారా అని అడిగారు. లేదమ్మా. ఇలాంటి ఘోరం జరిగిన మర్నాడు "నెమ్మదస్తుడు, ఉన్నట్టుండి ఇలా చేశాడు" అని ఇరుగుపొరుగు చెప్పడం వింటుంటాం. వెనక్కి వెళ్ళి విచారిస్తే ఆ "ఉన్నట్టుండి" ఎక్కడా కనపడదు. నేను చెప్పిన ఆ నివేదిక చూసిన 37 దాడుల్లో 81 శాతం వాటి గురించి ముందే కనీసం ఒక్కరికైనా తెలుసు. అతని మనసులో అలాంటి ఆలోచన ఉందనో, ఏదో ప్లాన్ చేస్తున్నాడనో. సగానికి పైగా దాడుల్లో ఒకరి కంటే ఎక్కువ మందికే తెలుసు. దాడి చేసినవాళ్ళలో 93 శాతం మంది ప్రవర్తన ముందే ఎవరో ఒకరికి దిగులు పుట్టించింది. అలా దిగులు పడ్డవాళ్ళంతా మీలాంటివాళ్ళే: తోబుట్టువులు, స్నేహితులు, ఒక టీచరు. వాళ్ళూ "నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో" అనే అనుకుని ఉంటారు.

ఇంకో సంగతి కూడా అందులో తేలింది. ఎవరి మీద దాడి చెయ్యాలనుకుంటారో వాళ్ళను ముందుగా నేరుగా బెదిరించేవాళ్ళు తక్కువ. మూడో మనిషి దగ్గర నోరు జారతారు. నవ్వుతూనో, పందెం కాసినట్టో, కథ చెప్పినట్టో. కాబట్టి రేపు మీ నాన్నగారు "వాడు ఎవరినైనా బెదిరించాడా ఏంటి?" అని అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు "లేదు" అయినా ధీమా పడడానికి లేదు.

అలాగని మీ తమ్ముణ్ణి హంతకుడిగా చూడమని నేను అనడం లేదు. కోపంలో ఇలాంటి మాటలు అనేవాళ్ళు లక్షల్లో ఉంటారు, వాళ్ళలో దాదాపు అందరూ ఏమీ చెయ్యరు. మరి తేడా ఎలా తెలుస్తుంది? వర్జీనియా విశ్వవిద్యాలయంలో డ్యూయీ కార్నెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం 2001లో స్కూళ్ళ కోసం ఒక పద్ధతి తయారుచేశారు. విన్న ప్రతి బెదిరింపుకూ పోలీసులను పిలిచి పిల్లల్ని గెంటేయడం మానేసి, ఆ మాట ఆవేశంలో వచ్చి పోయేదా, లేక లోపల పాతుకుపోయిందా అని తేల్చుకోవడం అందులో మొదటి మెట్టు. ఆవేశంలో అన్నవాడు కాసేపటికి చల్లబడతాడు, తప్పైందంటాడు, వివరంగా అడిగితే వాడి దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. పాతుకుపోయిన దాంట్లో ఎవరి మీద, ఎక్కడ, దేనితో అనేవి ఒక్కొక్కటిగా రూపం తీసుకుంటూ ఉంటాయి. మీ ఉత్తరంలో పేర్లున్నాయి. ఆయుధం చేతికి అందే దూరంలో ఉంది. పాత దాడుల మీద గంటలకొద్దీ ధ్యాస ఉంది. ఏడాదిగా చల్లారని అవమానం ఉంది. వీటిలో ఏదో ఒకటే ఉంటే నేను ఇంకోలా రాసేదాన్ని. నాలుగూ కలిశాయి కాబట్టి ఈ పని ఇంట్లోవాళ్ళ శక్తికి మించింది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. ప్రేమగా చూసుకుంటే సరిపోతుందా?

2000 నుంచి 2013 దాకా బహిరంగ ప్రదేశాల్లో కాల్పులు జరిపిన 63 మంది గురించి అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2018లో ఒక నివేదిక వేసింది. వాళ్ళ ప్రవర్తన తేడాగా ఉందని గమనించినవాళ్ళు ఏం చేశారని అందులో లెక్క తీశారు. 83 శాతం కేసుల్లో ఎవరో ఒకరు నేరుగా అతనితోనే మాట్లాడారు. 54 శాతం కేసుల్లో గమనించి కూడా ఊరుకున్నవాళ్ళున్నారు. పోలీసుల దాకా వెళ్ళింది 41 శాతం. ఆ 83 దగ్గర కాసేపు ఆగండి. అంతమందితో ఎవరో ఒకరు మాట్లాడారు, బతిమాలి ఉంటారు, మందలించి ఉంటారు. అయినా ఆగలేదు. మాట్లాడితే ఆగిపోయినవాళ్ళు ఈ లెక్కలోకి రారు, నిజమే. వాళ్ళు చాలామందే ఉండొచ్చు. కానీ మాటను మాత్రమే నమ్ముకుని కూర్చోకూడదని ఈ ఒక్క అంకె చాలు చెప్పడానికి.

మాటకు బలం లేదని మాత్రం అనుకోకండి. 2013 ఆగస్టు 20న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, డీకాబ్ కౌంటీలోని ఒక ప్రాథమిక పాఠశాలలోకి 20 ఏళ్ళ కుర్రాడొకడు రైఫిల్‌తో, 500 దాకా తూటాలతో వచ్చాడు. అక్కడ లోపలివాళ్ళు బటన్ నొక్కితేనే తలుపు తెరుచుకుంటుంది. ఇతను వేరేవాళ్ళ వెనకే లోపలికి దూరాడు. ఆఫీసు గదిలో అతనికి ఎదురుపడింది స్కూల్లో లెక్కలు రాసే ఉద్యోగి, ఆంటోనెట్ టఫ్. లోపల 800 మందికి పైగా పిల్లలు. బయట పోలీసులు. అతను అప్పటికే కాల్పులు మొదలుపెట్టాడు.

ఆవిడ ఒక చేత్తో ఫోన్‌లో అత్యవసర నంబరు ఆపరేటరుతో మాట్లాడుతూ, ఇటు అతనితో మాట్లాడుతూ ఉండిపోయింది. ఆ ఫోన్ రికార్డింగ్ తర్వాత బయటికి వచ్చింది. అందులో ఉపదేశం ఒక్కటీ లేదు. తన భర్త 33 ఏళ్ళ కాపురం తర్వాత వదిలేసి వెళ్ళిపోయాడని, తను చచ్చిపోవాలనుకున్నానని, తన కొడుకు వైకల్యంతో పుట్టాడని చెప్పింది. చూడు, నేనింకా ఇక్కడే ఉన్నాను, పనికి వస్తున్నాను అంది. తను మందులు వేసుకోవడం లేదని, ఆసుపత్రికి వెళ్ళాల్సిందని అతను అంటే అసహ్యించుకోలేదు. నువ్వు లొంగిపోతే నేను పక్కనే ఉంటాను, నిన్ను కాల్చకుండా చూస్తాను అని మాటిచ్చి, ఆ మాటే ఫోన్‌లో పోలీసులకు చెప్పింది. చివరికి అతను ఆయుధాలు పక్కన పెట్టి నేల మీద పడుకున్నాడు. ఒక్కరికీ చిన్న దెబ్బ తగల్లేదు. అంతా అయ్యాక ఆవిడ ఫోన్‌లోనే వెక్కివెక్కి ఏడ్చింది, జీవితంలో ఇంత భయం ఎప్పుడూ పడలేదని.

దీన్ని చాలామంది "చూశారా, ప్రేమ గెలిచింది" అని చెప్పుకుంటారు. నేను అంతవరకే చెప్పి ఊరుకోలేను. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ ఫోన్‌కు అవతల ఒకరు విని పోలీసులకు చేరవేస్తున్నారు. పిల్లల్ని వేరే దారిన బయటికి పంపించారు. పోలీసులు ఆవిడ మాట మీద కాల్పులు ఆపి నిలబడ్డారు. ఆవిడ దయకు చుట్టూ ఇంతమంది కాపలా ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ పరిస్థితి దాకా వచ్చాక ఆవిడకు వేరే దారి లేదు. మీకు ఇంకా ఉంది. తుపాకీ చేతిలో ఉన్న తమ్ముడితో మాట్లాడాల్సిన రోజు మీకు రాకుండా చూసుకోవడమే ఇప్పుడు పని. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని మనవాళ్ళు ఊరికే అనలేదు.

తుపాకీ ఇల్లు దాటాక తమ్ముడితో మాట్లాడండి. నోట్‌బుక్ తీసుకెళ్ళి ముందు పడేసి "ఏంట్రా ఇది?" అని మొదలుపెట్టకండి. అప్పుడు అది విచారణ అవుతుంది, వాడు అబద్ధం ఆడతాడు, నోట్‌బుక్ మాయమవుతుంది. వాడు ఆ రాత్రి మీతో అన్న మాటతో మొదలుపెట్టండి. "ఆ రోజు అలా అన్నావు కదా, అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?" అని సూటిగా అడగండి. ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకునేవాళ్ళే ఎక్కువ. దానికి జవాబు వచ్చాక రెండో ప్రశ్న కూడా అలాగే అడగండి: "వాళ్ళని ఏదైనా చెయ్యాలని అనుకుంటున్నావా?" తర్వాత మీరు మాట్లాడకండి. వాడు ఎంతసేపు మౌనంగా ఉంటే అంతసేపు ఉండనివ్వండి.

వాడు "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అంటే వెయ్యకండి. "నిన్ను వదిలి వెళ్ళనని ఒట్టేస్తాను. ఎవరికీ చెప్పనని మాత్రం వెయ్యలేను. నీకు సాయం చేసేవాళ్ళకు చెబుతాను" అనండి. ఇది వాడికి అప్పుడు ద్రోహంలా అనిపించొచ్చు. తిట్టొచ్చు, నెలల తరబడి మాట్లాడకపోవచ్చు. ఆ కోపాన్ని భరించడం కూడా ప్రేమలో భాగమే, పైగా అదే కష్టమైన భాగం.

మరి ఎవరికి చెప్పాలి? మీ ఉత్తరంలో ఉన్నవన్నీ చూశాక, పోలీసులకు చెప్పాల్సిందేనని నా అభిప్రాయం. దాంతోపాటు మానసిక వైద్యుడికి, ఆ కాలేజీ యాజమాన్యానికి కూడా. వాళ్ళలో ఎవరో ఒకరు కదులుతారులే అని ఒక్కరికి చెప్పి ఊరుకోకండి. 2016లో జపాన్‌లోని సగమిహారాలో వికలాంగుల సంరక్షణ కేంద్రంలో ఒకతను నిద్రలో ఉన్నవాళ్ళ మీద కత్తులతో పడి 19 మందిని చంపాడు. అదే కేంద్రంలో అంతకుముందు పనిచేసినవాడే. ఆ ఫిబ్రవరిలోనే తను చెయ్యబోయేది ఉత్తరంగా రాసి పార్లమెంటు దిగువ సభ స్పీకరుకు అందేలా ఇచ్చాడు. పోలీసులకు తెలిసింది. ఆసుపత్రిలో చేర్చారు. రెండు వారాలు తిరక్కుండానే ఇంటికి పంపేశారు. దాడి జూలైలో జరిగింది. ఆ మధ్య నెలల్లో అతన్ని గట్టిగా పట్టించుకున్నవాళ్ళు కరువయ్యారు. తుపాకీ దాదాపు దొరకని దేశంలో జరిగింది ఇది. అందుకే ఆయుధాన్ని దూరం చెయ్యడం మొదటి మెట్టు మాత్రమే అంటాను.

2021 నవంబరు 30న అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్‌లో జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 15 ఏళ్ళ కుర్రాడు లెక్కల కాగితం మీద తుపాకీ బొమ్మ, రక్తం, ఆలోచనలు ఆగడం లేదు, సాయం చెయ్యండి అన్న అర్థం వచ్చే మాటలు రాశాడు. టీచరు చూసింది. కౌన్సెలర్ దగ్గరికి పంపారు. తల్లిదండ్రుల్ని పిలిపించారు. అంటే దయ చూపాల్సినవాళ్ళు, భద్రత చూడాల్సినవాళ్ళు అంతా ఒకే గదిలో కూర్చున్నారు. నాలుగు రోజుల ముందు తండ్రి కొన్న తుపాకీ ఆ పిల్లాడి బ్యాగులోనే ఉంది. ఆ బ్యాగు ఎవరూ తెరిచి చూడలేదు. తల్లిదండ్రులు ఇంటికి తీసుకెళ్ళలేదు. పిల్లాడు క్లాసుకు వెళ్ళిపోయాడు. కాసేపటికి నలుగురు విద్యార్థులు చనిపోయారు. 2024లో ఆ తల్లిదండ్రులిద్దరికీ కోర్టు జైలుశిక్ష వేసింది. సాయం చెయ్యండి అని ఆ పిల్లాడు రాసిచ్చాడు కూడా. సానుభూతిగా మాట్లాడారు, బ్యాగు మాత్రం చూడలేదు. అనుమానించడం అమర్యాద అనుకున్నారో ఏమో. ప్రేమించేవాళ్ళు బ్యాగు చూడకూడదని ఎవరన్నారు?

పోలీసులకు చెబితే తమ్ముడి జీవితం నాశనమవుతుందన్న మీ భయం ఉత్తిదని నేను అనను. కేసు పడొచ్చు. తలవంపులు ఉంటాయి. కానీ ఇప్పటిదాకా వాడు ఏ నేరమూ చెయ్యలేదు. నోట్‌బుక్‌లో పేర్లు రాసుకున్న కుర్రాడికి తిరిగి లేచి నిలబడడానికి చాలా దారులుంటాయి. ఆ పేర్ల మీద పని మొదలుపెట్టినవాడికి ఒక్కటీ ఉండదు. ఆ పేర్లున్నవాళ్ళ సంగతి కూడా ఆలోచించండి. వాళ్ళు మీ తమ్ముడికి చేసింది తప్పే, దానికి మరణశిక్ష లేదు. వాళ్ళకూ అక్కలుంటారు.

ఎలా చెప్పాలో కూడా చెబుతాను, ఎందుకంటే చెప్పే తీరును బట్టే అవతలివాళ్ళు కదులుతారు. "మా తమ్ముడు ప్రమాదకరమైనవాడు" అని మీ తీర్పు చెప్పకండి. చూసింది, విన్నది చెప్పండి: ఫలానా రాత్రి ఈ మాట అన్నాడు, నోట్‌బుక్‌లో ఇన్ని పేర్లున్నాయి, ఇంట్లో తుపాకీ ఉండేది, ఇప్పుడు ఇక్కడ ఉంది, ఏడాది క్రితం ఇలా జరిగింది, ఆత్మహత్య చేసుకుంటాడేమోనని కూడా భయపడుతున్నాను. ఆ చివరి మాట తప్పకుండా చెప్పండి. అది విన్నాక మీ తమ్ముణ్ణి నేరస్థుడిగా కాకుండా ఆపదలో ఉన్న మనిషిగా చూసే అవకాశం పెరుగుతుంది. నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి పెట్టుకోండి, నోట్‌బుక్ మాత్రం ఉన్నచోటే ఉంచండి.

కొన్ని చోట్ల కోర్టు ఉత్తర్వుతో ఇలాంటి మనిషికి అందుబాటులో ఉన్న ఆయుధాన్ని కొంతకాలం తీసి ఉంచే చట్టాలున్నాయి. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 1999లో మొదట అలాంటిది తెచ్చింది. దాని ఫలితాలు పరిశీలించినవాళ్ళు, అలా ఆయుధాలు తీసేసిన ప్రతి పది ఇరవై కేసులకు ఒక ఆత్మహత్య ఆగి ఉంటుందని లెక్కగట్టారు. శిక్ష వెయ్యకుండానే ఆపే దారి ఇది. మీరున్న చోట అలాంటిది ఉందేమో అడగండి.

మానసిక వైద్యుడు అనగానే ఇంట్లో "మావాడికి పిచ్చా?" అని గోల మొదలవుతుంది. ఎఫ్‌బీఐ చూసిన ఆ 63 మందిలో దాడికి ముందే మానసిక వ్యాధి ఉందని డాక్టర్లు తేల్చింది పాతిక శాతం మందికే. మానసిక వ్యాధులున్నవాళ్ళలో అత్యధికులు జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తరు. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళేది పిచ్చి ఉందో లేదో తేల్చడానికి అనుకోవద్దు. ఏడాదిగా నిద్ర, తిండి, చదువు, స్నేహితులు అన్నీ పోయినవాడికి వైద్యం కావాలి, అంతే.

మీ ఉత్తరంలో అందరూ దాటేసిన విషయం ఒకటుంది, ఆ వీడియో. ఏడాది అయింది. కాలేజీకి ఫిర్యాదు చేశారా? తీసినవాళ్ళతో ఎవరైనా మాట్లాడారా? అది ఇంకా తిరుగుతోందా? మీరేమీ రాయలేదు. ఏమీ జరగలేదనే అనుకుంటున్నాను. వాడి లోపల ఇంత కోపం పేరుకుపోవడానికి అవమానం ఒక్కటే కారణం కాకపోవచ్చు, ఆ అవమానాన్ని ఎవరూ లెక్క చెయ్యకపోవడం కూడా అయ్యుండొచ్చు. వాడికి న్యాయం జరగాలి. వీడియో తీయించెయ్యడానికి, తీసినవాళ్ళ మీద చట్టప్రకారం చర్య తీసుకోవడానికి మీరు, అమ్మానాన్నలు వాడి తరఫున నిలబడండి. ఇది బుజ్జగింపుగా చెయ్యొద్దు. ముందు వాడి చుట్టూ ఉన్న ప్రమాదం తగ్గాక, వాడితో కలిసి కూర్చుని, వాడి మాటల్లోనే ఫిర్యాదు రాయండి. బాధను చెప్పుకోవడానికి దారి ఉన్న మనిషి దాన్ని నోట్‌బుక్‌లో దాచుకోవాల్సిన పని తగ్గుతుంది.

వాడు చదువుతున్న ఆ దాడి చేసినవాళ్ళ కథల గురించి ఒక మాట. అలాంటి దాడి ఒకటి జరిగిన తర్వాత సగటున 13 రోజుల పాటు మరో దాడి జరిగే అవకాశం పెరుగుతుందని 2015లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2019లో 51 మందిని చంపినవాడి పేరు తన నోట ఎప్పుడూ రాదని అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో చెప్పింది. వాళ్ళకు కావాల్సింది ఆ పేరే. నేనూ ఇక్కడ దాడి చేసిన ఎవరి పేరూ రాయలేదు, మీరు గమనించే ఉంటారు. అయితే ఫోన్ లాక్కుంటే సరిపోతుందనుకోకండి. గదిలో ఒంటరిగా ఉన్నవాడికి ఆన్‌లైన్‌లో "నీ కోపం న్యాయమైనదే" అనేవాళ్ళు దొరికి ఉంటే, ప్రస్తుతానికి వాడి లోకం వాళ్ళే. స్వీడన్‌లో 1998లో, జర్మనీలో 2000లో ఎగ్జిట్ పేరుతో మొదలైన కార్యక్రమాలు తీవ్రవాద గుంపుల్లో చిక్కుకున్నవాళ్ళను బయటికి తేవడానికి చేసేది ఇదే: ఆ గుంపు స్థానంలో వేరే మనుషుల్ని, ఒక పనిని, ఉండడానికి ఒక చోటును ఇస్తారు. వాటిలో పనిచేసే కొందరు ఒకప్పుడు ఆ గుంపుల్లో ఉండి వచ్చినవాళ్ళే. వాడు ఒకప్పుడు ఇష్టపడిన మామయ్యో, పాత స్నేహితుడో, క్రికెట్ ఆడించిన సారో ఎవరైనా ఉంటే రోజూ ఒక గంట వచ్చి కూర్చోమనండి. నీతులు చెప్పేవాళ్ళను మాత్రం పిలవకండి.

ఇక అమ్మానాన్నలు. "వాడు ఎవరినో చంపుతాడేమో" అని మీరు మొదలుపెడితే వాళ్ళు వెంటనే కొడుకు తరఫు వకీళ్ళైపోతారు. అది సహజం. నాన్నగారితో ఇలా అనండి: "నాన్నా, తమ్ముడు బతకాలనుకోవడం లేదేమోనని నాకు భయంగా ఉంది. వాడు కుదుటపడేదాకా ఆ తుపాకీ మన ఇంట్లో వద్దు. ఇప్పుడే వెళ్ళి అప్పజెప్పి వద్దాం, నేనూ వస్తాను." ఇందులో అబద్ధం లేదు, నిందా లేదు. కొడుకు ప్రాణం గురించి అన్నప్పుడు కాదనే తండ్రి అరుదు. అప్పటికీ ఆయన కొట్టిపారేస్తే ఆయన అనుమతి కోసం ఆగకండి, పోలీసులకు, వైద్యుడికి, కాలేజీకి చెయ్యాల్సిన ఫోన్లన్నీ ఇవాళ సాయంత్రంలోపు మీరే చెయ్యండి. ఎవరితో మాట్లాడారో, ఏ టైముకు మాట్లాడారో, వాళ్ళు ఏం చేస్తామన్నారో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. రెండు రోజుల్లో ఎవరూ కదలకపోతే మళ్ళీ ఫోన్ చెయ్యాలి కదా, అప్పుడు అది పనికొస్తుంది.